తడిగోనె కింద ముప్పై రెండు

“మీ పెట్టె అబద్ధం చెబుతోంది.”

లోహిత్ లాప్‌టాప్ మీంచి తలెత్తాడు. ఎదురుగా ధనశ్రీ. యూనివర్సిటీ ప్రాజెక్టులో లా డిపార్ట్‌మెంట్ తరఫున చేరిన రీసెర్చ్ స్కాలర్. సొంతూరు బుచ్చయ్యపేట.

“పెట్టెలు అబద్ధాలాడవండీ. అది లాయర్ల పని.”

ఆమె నవ్వలేదు. ఫోన్ తీసి అతని ముందు పెట్టింది. ఫోటోలో చెరుకు తోట గట్టు మీద స్పృహ తప్పి పడున్న ఒకామె.

“సూర్యకళ. నిన్న కలుపు తీస్తూ పడిపోయింది. ఈ నెలలో నాలుగో మనిషి. మీ పెట్టె మాత్రం వాళ్ళ ఊరు ఊటీ అంటోంది.”

అనకాపల్లి చుట్టూ ఇరవై ఊళ్ళలో లోహిత్ ఇరవై తెల్ల పెట్టెలు పెట్టాడు. ఒక్కో దాంట్లో ఒక థర్మామీటర్. వేడిని కొలవడం అతని పని. ఆ వేడిలో పనిచేసేవాళ్ళకి రావాల్సిన హక్కులు రాయడం ఆమె పని. రిపోర్టులో పేరెక్కిన ఊళ్ళో పదకొండు నుంచి మూడు దాకా పొలం పని ఆపాలి. ఆ ఊళ్ళ జాబితా ఈ సాయంత్రం ఐదింటికి కలెక్టరాఫీసుకి వెళ్ళిపోతుంది.

తుమ్మపాల అవతలున్న ఆ ఊరు అందులో లేదు. మే నెల మధ్యాహ్నం మిగతా ఊళ్ళన్నీ నలభై ఒకటి దగ్గర మండుతుంటే, అక్కడ ముప్పై రెండే. ఆ వింత మీద లోహిత్ ఒక పేపర్ కూడా రాసేశాడు.

“బండెక్కండి,” అంది ధనశ్రీ.

“ఇప్పుడా? పన్నెండైంది!”

“అందుకే. ఊటీ కదా, చలేస్తుందేమో, స్వెట్టర్ తెచ్చుకోండి.”

లోహిత్ లాప్‌టాప్ మూసి, ఆమె స్కూటీ వెనక సీటెక్కాడు.

పెట్టె బుల్లమ్మ పెరట్లో ఉంది. కలుపు తీసే ఆడవాళ్ళ ముఠాకి ఆవిడే పెద్ద. ఇద్దరూ గుమ్మం దగ్గరే ఆగిపోయారు.

బుల్లమ్మ బకెట్‌లోంచి నీళ్ళోడుతున్న గోనె తీసింది. తెల్ల పెట్టెకి జాగ్రత్తగా కప్పింది. అంచులు సర్దింది.

“మామ్మా! ఏటి సేత్తన్నావ్?” ధనశ్రీ గొంతులోకి ఊరి యాస దానంతటదే వచ్చేసింది.

“కనపడతనేదా? గోనె కప్పుతన్నాను. నోరు నేని మిషను, పాపం ఎండలో మాడిపోతంది. మా గేదెకి కప్పినట్టే దీనికీని. ఆరితే మళ్ళీ తడుపుతాను.”

“ఎన్నాళ్ళ నుంచి?” అడిగాడు లోహిత్.

“నువ్వెట్టి ఎల్లిన కాడ్నించీ బాబూ. ఒక్క రోజు మానితే ఒట్టు.”

అతను అరుగు మీద కూలబడ్డాడు. రెండు నెలల డేటా! ధనశ్రీ పెదవి కొరుక్కుంది. ఆగలేక నవ్వేసింది.

ఉన్నట్టుండి లోహిత్ లేచాడు. తడి గోనె వంక, దాని కిందున్న పెట్టె వంక చూశాడు.

“మీ చున్నీ కొస ఇవ్వండి.”

“ఏటీ?”

“తడిబట్ట కావాలి. త్వరగా!”

జేబులోంచి చిన్న థర్మామీటర్ తీశాడు. నలభై ఒకటి. చున్నీ కొస బకెట్‌లో ముంచి దాని మొనకి చుట్టాడు. నోట్‌బుక్‌తో విసరడం మొదలుపెట్టాడు. చున్నీ రెండో కొస ఆమె భుజం మీదే ఉంది. ఇద్దరి మధ్యా జానెడు దూరం.

“ఎంతసేపు ఇలా?”

“మూడు నిమిషాలు. కదలకండి.”

ముప్పై తొమ్మిది. ముప్పై ఆరు. ముప్పై మూడు. ముప్పై రెండు.

అక్కడ ఆగిపోయింది. ఎంత విసిరినా దిగలేదు.

“తడిబట్ట చుడితే ఇది గాలి వేడిని చూపించదు ధనశ్రీ గారూ. చెమట పట్టిన ఒంటిని ఈ గాలి ఎంతవరకు చల్లార్చగలదో చూపిస్తుంది. ముప్పై ఐదు దాటితే నీడలో ఊరికే కూర్చున్న మనిషి కూడా బతకడం కష్టం. ముప్పై రెండులో వీళ్ళు నడుం వంచి కలుపు తీస్తున్నారు.”

ఆమె నవ్వు ఆగిపోయింది.

“మిగతా చోట్ల నేను గాలిని కొలిచాను. మనిషిని కొలిచింది ఈవిడొక్కతే. అదీ జాలిపడి!”

పెరటి అవతల చెరుకు గోడలా నిలబడి ఉంది. ఆకు కదలడం లేదు. 

ప్రాజెక్టు పెద్ద ఈశ్వరరావు గారికి ఫోన్ చేశాడు.

“సార్, నా పేపర్ తప్పు. ఈ ఊరు చల్లగా లేదు. ఈ నెలలోనే నలుగురు పడిపోయారు. జాబితాలో మొదట ఉండాల్సింది ఇదే.”

“పేపర్ పోతుందయ్యా.”

“పోనివ్వండి సార్. ఐదింటిలోగా ఈ ఊళ్ళోనే తడిబట్టతో ఇంకో పదిచోట్ల కొలిచి పంపిస్తాను.”

ధనశ్రీ అతన్ని కొత్తగా చూసింది. చున్నీ కొస పళ్ళతో కొరికి, పర్రున చింపి అతని చేతిలో పెట్టింది.

“కొత్త చున్నీ. గుర్తుంచుకోండి.”

ఆ సాయంత్రం జాబితాలో మొదటి పేరు ఆ ఊరిదే.

పది రోజుల తర్వాత, పదకొండింటికి బుల్లమ్మ పెరట్లో నిలబడి, పని ఆపమని గరిటెతో ఇనుప పళ్ళెం మోగించింది.

చెరుకు కదిలింది. ఒకామె బయటికొచ్చింది. వెనకే ఇంకొకామె. పదిమంది. ఇరవైమంది. చివర్లో, కోలుకున్న సూర్యకళ. పచ్చటి ఆ గోడలోంచి యాభైమంది దాకా నీడలోకి నడిచొచ్చారు.

“ఇంతమంది లోపల ఉన్నారా!” అన్నాడు లోహిత్. “రెండు నెలలు ఈ దారినే తిరిగాను. నాకు చెరుకే కనపడింది.”

“ఇప్పుడు కనపడ్డారుగా,” ధనశ్రీ మెల్లగా అంది. తర్వాత అతని జేబు వైపు చూసింది. “అది నా చున్నీ ముక్క కదూ? జాబితా వెళ్ళిపోయిందిగా. ఇచ్చేయండి.”

“ఇవ్వను. అది తీసేస్తే మళ్ళీ తప్పులే చెబుతాను. థర్మామీటరూ, నేనూ.”

ఆమె చెయ్యి చాపి థర్మామీటర్ తీసుకుంది. ఎండిపోయిన గుడ్డను బకెట్‌లో ముంచి మళ్ళీ చుట్టి, అతని జేబులో పెట్టింది. చొక్కా తడిసింది.

“ఆరితే చెప్పు,” అంది. “మళ్ళీ తడుపుతాను.”