ఎడమచేతి చిటికెనవేలు

వాన పట్టిన మధ్యాహ్నం. కిటికీలు మూసేసి పనిలో కూర్చున్నాను. నా పనల్లా ప్రకటనలకీ, పెళ్లి వీడియోలకీ వెనక వినిపించే సంగీతం కట్టడం. పడగ్గదిలో ఒక మూల కంప్యూటరు, దాని ముందు కీబోర్డు, బయటి చప్పుడు రాకుండా గోడలకి పాత పరుపు ముక్కలు. దీన్ని స్టూడియో అంటే అక్క పగలబడి నవ్వేది.

అక్క పోయి ఇంకా ఏడాది కాలేదు. పిల్లలకి పియానో పాఠాలు చెప్పేది. నరాల జబ్బు ఎడమచేతి చిటికెనవేలితో మొదలై ఒక్కో వేలినీ లాక్కుపోయింది. జబ్బు మొదలైన రోజుల్లోనే నా కీబోర్డు మీద ఒక జోలపాట వాయించింది. తను కట్టుకున్నదే. అప్పటికే చిటికెనవేలు ప్రతిసారీ కాస్త ఆలస్యంగా పడుతోంది.

అమ్మ వచ్చి గుమ్మంలో నిలబడింది.

"ఒరేయ్, అక్క వాయించింది నీ దగ్గర ఉందన్నావు కదా. ఒక్కసారి వినిపించరా."

అక్క పోయాక అమ్మకి తిండీ తగ్గింది, మాటా తగ్గింది. తనంతట తాను నోరు తెరిచి ఏదైనా అడగడం అదే మొదటిసారి. కాదనే ప్రశ్నే లేదు.

అక్క వాయించింది మిడి ఫైలుగా ఉంది. మిడి ఫైల్లో శబ్దం ఉండదు. ఏ మెట్టు నొక్కారు, ఎప్పుడు నొక్కారు, ఎంత గట్టిగా నొక్కారు అన్న గుర్తులే ఉంటాయి. ఆ గుర్తుల్ని కంప్యూటర్లో ఉన్న ఏ వాయిద్యానికి అప్పగిస్తే అది మోగుతుంది. నేను పియానోకి అప్పగించాను. అప్పగించే ముందు, రోజూ చేసే పనే కదా, అలవాటు చొప్పున స్వరాలన్నిటినీ తెర మీది తాళం గీతలకి సర్ది సేవ్ చేశాను. కంప్యూటరు మొరాయిస్తే ఒకసారి ఆపి మళ్లీ తెరిచాను.

పాట అయ్యేదాకా అమ్మ కదలకుండా వింది.

"బాగుందిరా," అంది. "కానీ ఇది అక్క కాదు."

చిటికెనవేలి ఆలస్యం గుర్తొచ్చింది. ఆ ఆలస్యమే అక్క. దాన్ని కాస్తా సర్దేశాను. కంప్యూటరు ఆపి తెరిచాక ఇక ఆ మార్పు వెనక్కి తీసుకునే దారి లేదు. పాటకి కూడా రసమట్టం పెడతానని అక్క నన్ను మేస్త్రీ అని వెక్కిరించేది. మేస్త్రీ చివరికి అక్క చేతినే చదును చేసి పెట్టాడు.

జ్ఞాపకం ఉన్నంతవరకు ఒక్కో స్వరాన్నీ మౌసుతో పక్కకి జరిపి చూశాను. తాగినవాడి నడకలా ఉంది తప్ప అక్కలా లేదు. ఏదీ సేవ్ చేయకుండా మూసేసి, మంచం మీద పడి ఏడ్చాను.

మర్నాడు ఫైలు తెరిస్తే ఎడమచేతి స్వరాలు గీతల మీద లేవు. కొద్దికొద్దిగా వెనక్కి జరిగి ఉన్నాయి. పొరపాటున ఏదో మీట నొక్కి ఉంటానని సర్దిచెప్పుకుని అమ్మని పిలిచాను.

రెండో చరణం దగ్గర అమ్మ నా భుజం గట్టిగా పట్టుకుంది. "అదిగో... అదిగో నా తల్లి!"

ఆ పూట అమ్మ కడుపునిండా తింది. నాకు అంతకన్నా ఏం కావాలి? ఎలా జరిగిందని ఆరా తీయలేదు.

ఇక రోజూ భోజనం కాగానే వచ్చి కూర్చునేది. రోజూ వినిపించేవాణ్ణి. కొన్నాళ్లకి గమనించాను. చిటికెనవేలు నిన్నటికన్నా వెనకబడుతోంది. పక్కవేలూ వెనకబడడం మొదలైంది. మెట్టు మీద పడిన బలాన్ని చూపించే నిలువు గీతలు తెర అడుగున ఉంటాయి. అవి రోజురోజుకీ పొట్టివైపోతున్నాయి. ముందు చిటికెనవేలు... తర్వాత ఉంగరపువేలు... జబ్బు వచ్చిన వరసే.

ఫైలుకి నకలు తీశాను. నకల్లోనూ అంతే. పియానో తీసి వేణువు పెట్టాను. వేణువూ నీరసంగానే పలికింది.

"అమ్మా, ఇక వద్దు," అన్నాను గొంతు తగ్గించి. "మనం వినేకొద్దీ..."

"తెలుసురా. నాకు వినపడుతూనే ఉంది." అమ్మ లేచి కీబోర్డు దగ్గరికి వచ్చింది. "ఒక్కతే ఎంతసేపని వాయిస్తుంది? అలిసిపోదూ?"

ఎడమచెయ్యి మెట్ల మీద ఆనించింది. నొక్కలేదు. పసిపిల్ల తల నిమిరినట్టు నిమిరింది.

"నాది తీసుకోవే తల్లీ..." అంది, చాలా మెల్లగా.

మర్నాడు నిలువు గీతలు పొడుగ్గా లేచి ఉన్నాయి. చిటికెనవేలు వేళకే పడింది. పాట వింటూ అమ్మ నవ్వింది. సాయంత్రం అమ్మ చేతిలోంచి గాజుగ్లాసు జారి పగిలింది. ఏరబోతే ఎడమచేతి చిటికెనవేలు ముడుచుకోలేదు.

నేను కీబోర్డు వైరు పీకేశాను. సాఫ్ట్‌వేరు పాడైందని అబద్ధం చెప్పాను. అమ్మ పెద్దగా పట్టించుకోలేదు. "పోనీలే" అంది అంతే. ఆ పోనీలే విన్నాక నాకు భయం ఇంకా ఎక్కువైంది. ఫైలు ఉన్నన్నాళ్లూ అమ్మ దక్కదనిపించింది. అక్కని నా చేతులతో చెరపాలి. తప్పదు.

అమ్మ నా గదిలోనే కుర్చీలో కునుకు తీస్తోంది. తడిసిన పరుపుల వాసన. బయట వాన తప్ప ఏ చప్పుడూ లేదు. స్పీకర్లు ఆపేసి ఫైలు తెరిచాను.

పాట అయిపోవాల్సిన చోట అయిపోలేదు.

పొడుగు గీతలతో చిన్న వరస ఒకటి. కాస్త ఖాళీ. తర్వాత అదే వరస, పొట్టి గీతలతో, తప్పులతో, తడబడుతూ. మళ్లీ పొడుగు గీతలు. మళ్లీ తడబాటు. ముందుకి వెళ్లేకొద్దీ అదే...

అక్క పాఠం చెప్పే పద్ధతి అది. తను ఒక వరస వాయించి ఆగేది. పక్కన కూర్చున్నవాళ్లు అందుకోవాలి. వచ్చేదాకా విసుక్కోకుండా మళ్లీ మళ్లీ వాయించేది.

అమ్మ పుట్టి బుద్ధెరిగి ఒక్క మెట్టు నొక్కలేదు.

తడబాటు ఒక్కోసారికీ తగ్గుతోంది. చివరిసారి... ఒక్క తప్పు లేదు.

నా వేలు చెరిపే మీట మీద ఆగిపోయింది. ఇప్పుడు ఇది నొక్కితే ఎవరు పోతారు?

"అమ్మా..."

పలకలేదు. ఊపిరి ఆడుతోంది. పెదాల మీద సన్నటి నవ్వు.

తెర మీద పొడుగు గీతలు కొత్తగా పడ్డాయి. అక్క వరస. ఆగింది.

అమ్మ చెయ్యి ఒళ్లో ఎక్కడిది అక్కడే ఉంది. తెర మీద మాత్రం జవాబు పడడం మొదలైంది.