మట్టి తొక్కకూడని ఇద్దరు

ఆసుపత్రి వరండాలో గాలి తగిలే బెంచీ ఒక్కటే. కమ్‌పాన్ సెలైన్ స్టాండు తోసుకుంటూ వచ్చేసరికి దానిమీద ఓ అమ్మాయి కూర్చుని ఉంది. అతణ్ణి చూసి కాస్త జరిగింది. పక్కనే ఆమె స్టాండు.

“మీరు జరిగారు సరే, మీ స్టాండు జరగనంటోంది,” అన్నాడు.

“అది మీకంటే ముందొచ్చింది.”

ఆమె పేరు పికుల్. ఉబోన్ పట్నం దగ్గర పల్లెలో బట్టలు కుడుతుంది. అతడు మోటారుసైకిళ్లు బాగుచేస్తాడు. ఇద్దరికీ ఒకటే జబ్బు, వానాకాలం బురదలోంచి పట్టుకునే జ్వరం. ఒంట్లో రోగాన్ని ఆపే కాపలా గట్టిగా ఉన్నవాళ్ల జోలికి అది పెద్దగా రాదు. కమ్‌పాన్‌కు చిన్నప్పటినుంచీ షుగరు. నాట్లప్పుడు కాలి గాయంలోంచి దూరింది.

పికుల్‌కు ఎలా వచ్చిందో అతడు అడగలేదు. రోజూ ఒకాయన జిగురన్నం తెచ్చి, చేప ముళ్లు తీసి మరీ ఆమెకు పెడుతుంటే అడగబుద్ధి కాలేదు.

“మీ ఆయన బాగా చూసుకుంటాడు,” అన్నాడు ఓ రోజు, వానవైపు చూస్తూ.

“బున్‌లాయా? మా అన్నయ్య. తన కిడ్నీ ఒకటి నాలో ఉంది. తన సామాను ఎలా ఉందో చూసుకోవడానికొస్తాడు.”

కమ్‌పాన్‌కు ఆ వాన ఉన్నట్టుండి అందంగా కనబడింది.

“దాన్ని నా ఒళ్లు తరిమేయకుండా మందులు మింగుతాను,” అంది ఆమె. “ఆ మందులకు ఒంటి కాపలా కూడా నిద్రపోతుంది. వరదలో కోళ్లను పైకెక్కిస్తూ బురద తొక్కాను. అంతే.”

వారాల తరబడి ఇంజెక్షన్లు, ఆ మాటలు. ఇంటికి పంపుతూ, నెలల తరబడి మాత్రలు వాడాలని డాక్టరు ఇద్దరికీ చెప్పింది. జ్వరం మళ్లీ రాకపోవడంతో కమ్‌పాన్ కొన్నాళ్లకే మాత్రలు మానేశాడు. చూపించుకోవాల్సిన రోజున ఆసుపత్రికీ వెళ్లలేదు.

ఆ సాయంత్రం అన్న బండి మీద పికుల్ అతడి షాపుకొచ్చింది.

“మాత్రలు మానేశావా?”

“బాగానే ఉన్నాగా.”

“నా పక్క మంచం ఆవిడా అదే అంది. జ్వరం మళ్లీ వచ్చింది. ఈసారి ఇంటికి వెళ్లలేదు. పొద్దుటినుంచీ ఆ బెంచీ మీద ఎవరికోసం కూర్చున్నాననుకున్నావు?”

కమ్‌పాన్ నూనె చేతులు కడుక్కుని, మాత్రల అట్ట వెతికి తెచ్చి, ఆమె ఎదుటే మింగాడు.

“రేపు మళ్లీ మానేస్తే?”

“రేపు కూడా ఎదురుగా ఉండు. ఎల్లుండి కూడా.”

బున్‌లాయ్ అటు తిరిగి, బాగానే ఉన్న బండి టైరును కాలితో నొక్కి చూడసాగాడు.

పెళ్లికి పికుల్ వాళ్లమ్మ ఒప్పుకోలేదు.

“ఇల్లరికం వచ్చే అల్లుడు మడిలోకి దిగాలి. ఇద్దరూ గట్టుమీద నిలబడితే నాట్లెవరు వేస్తారు?”

“నేను వేస్తానమ్మా,” అన్నాడు బున్‌లాయ్.

“నీకు మిగిలింది ఒక్కటే. ఎక్కువ మాట్లాడకు.”

“గట్టుమీది పనులన్నీ నాకివ్వండి అత్తా,” అన్నాడు కమ్‌పాన్. “పంపు ఆగితే నేనున్నాను. నాట్ల మిషను పాతదైనా తెచ్చి బాగుచేసి పెడతాను. మడిలోకి మాత్రం దిగను. దిగనని పికుల్‌కు మాటిచ్చాను.”

ఆవిడ లోపలికెళ్లి తెల్లటి నూలుదారం తెచ్చింది. ప్రాణం ఒంటిని విడిచి ఎటూ తిరగకుండా పెద్దవాళ్లు మణికట్టుకు కట్టే దారం. కమ్‌పాన్ చేతికి సూదులు పొడిచిన చోట నొప్పి పుట్టకుండా వదులుగా ముడివేసింది.

“ఎక్కడికీ పోకు. ఈ ఇంట్లోనే ఉండు,” అని గొణిగింది.

ఆ మాట తన ప్రాణంతో అందో, తనతో అందో కమ్‌పాన్ అడగలేదు. రెండో చెయ్యి కూడా చాపాడు.