సగం సంతకం

"మీ యాప్ మా భోజన్నగారిని సగానికి కోసేసిందండీ!"

శాంతిప్రియ నాతో మాట్లాడిన మొదటి మాట ఇది. నమస్కారం లేదు, కూర్చోమనడం లేదు. దుబాయ్ అల్ కుసైస్‌లో ఆరొందల మంది కార్మికులుండే క్యాంపు అది. దాని ఆఫీసు గదిలో నేను అడుగు పెట్టానో లేదో, ఒక పాత టాబ్లెట్ తెచ్చి నా ముక్కు ముందు పెట్టింది.

తెరమీద 'ఉద్యోగి సంతకం' అన్నచోట 'భో' అని ఒకే ఒక్క అక్షరం ఉంది.

"ఇది సంతకమాండీ? ఆయన సెలవు దరఖాస్తు జెబెల్ అలీ హెడ్డాఫీసు నుంచి తిరిగొచ్చేసింది. పాస్‌పోర్టులో సంతకంతో కలవట్లేదంట. శనివారం ఫ్లైట్. ఊళ్లో మనవరాలి తొట్టెల, అదేనండీ, బారసాల!"

నా పేరు దయాకర్. ఊరు జగిత్యాల దగ్గర. దుబాయ్ వచ్చి నాలుగు నెలలైంది. కార్మికుల సెలవులూ కాగితాలూ చూసే ఆ యాప్‌లో వేలితో సంతకం పెట్టే పలక నా చేతి పని. ఒకసారి రాస్తే ఆండ్రాయిడ్‌లోనూ ఐఫోన్‌లోనూ నడిచే కోడ్. గీత ఎక్కడా విరగకుండా నున్నగా వస్తుంది. ఆఫీసులో అందరూ మెచ్చుకున్నారు. నన్ను నేను ఇంకాస్త ఎక్కువే మెచ్చుకున్నాను.

ఇక క్యాంపు ఇన్‌ఛార్జి అప్రూవల్ ఫారం మీద సంతకం పెట్టడమే మిగిలింది. నెలాఖరులోగా అది రాకపోతే నన్ను హైదరాబాద్ ఆఫీసుకు తిప్పి పంపేస్తానని మా మేనేజర్ శ్యాంప్రసాద్ గారు చెప్పేశారు. "ఆలస్యం అమృతం విషం తమ్ముడూ" అని కూడా అన్నారు. ఆ ఇన్‌ఛార్జి ఈమే.

"యాప్‌ల ఏం తప్పులేదు మేడం. ఆయనే సగం పెట్టి వదిలేసి ఉంటడు," అన్నాను.

"ఓహో! అయితే ఆయన్నే అడుగుదురుగాని, కూర్చోండి. ఐదున్నరకి బస్సులొస్తాయి."

"నాకు మీటింగున్నది."

"నాకిక్కడ నలభై సగం సంతకాలున్నాయండీ. నేను అప్రూవల్ పెట్టానంటే ఆరొందల మంది తరఫున పెట్టినట్టు. ఊరికే పెట్టెయ్యను."

మీటింగుకు రాలేనని మెసేజ్ పెట్టి కూర్చున్నాను. కోపంలో కూడా 'అండీ' వదలని మనిషిని చూడటం అదే మొదలు. అమలాపురం వైపు అమ్మాయని తర్వాత తెలిసింది.

బస్సులొచ్చాయి. ఆ రోజు సేఫ్టీ బూట్లు అందినట్టు అందరూ టాబ్లెట్ మీద సంతకం పెట్టాలి. వరసలో ముందున్న మల్లేశ్ వేలుపెట్టి గీత లాగగానే పేజీ మొత్తం వేలితోపాటే జారిపోయింది.

"అన్నా, ఇది ఉరుకుతున్నది! పట్టుకో!" అని అరిచాడు. వరసంతా నవ్వింది.

నా పెద్ద ఫోన్‌లో పేజీ మొత్తం పట్టేసింది కాబట్టి అది జరుగుతుందన్న సంగతే నాకు తెలియలేదు. ఇక్కడి చిన్న టాబ్లెట్‌లో పట్టలేదు. శాంతిప్రియ గోడవైపు తిరిగి నవ్వుకుంటోంది. చెవులు ఎర్రబడటం అంటే ఏమిటో నాకప్పుడు తెలిసింది.

తర్వాత భోజన్న వచ్చాడు. యాభై దాటిన మనిషి, సిమెంటుకు బీటలువారిన వేళ్లు. వేలిని చొక్కాకు తుడుచుకుని, 'భో' రాసి, వేలెత్తి, తల కాస్త పక్కకు వంచి చూసుకున్నాడు. మళ్లీ వేలు పెట్టేలోపే టింగుమంది. 'సంతకం సేవ్ అయింది. ధన్యవాదాలు.'

"గిదే బిడ్డా! నేనింక రాస్తనే ఉన్న, ఇది షుక్రియా చెప్పి ఎల్లగొడ్తది," అన్నాడు.

అది నేను గొప్పగా చెప్పుకున్న తెలివి. వేలెత్తి ఒకటిన్నర సెకను ఆగితే సంతకం దానంతటదే సేవ్ అయిపోతుంది, బటన్ నొక్కే శ్రమ లేదు. నా సంతకం ఒక్క విసురులో అయిపోతుంది. లోకమంతా అలాగే పెడుతుందనుకున్నాను.

"నడుమ ఎందుకు ఆగుతున్నవే కాకా?"

"మా గౌరవ్వ నేర్పింది బిడ్డా నాకు సంతకం. పాసుపోర్టు జేసుకునేటప్పుడు. ఒక్కో అచ్చరం పెట్టినంక ఆగి సూస్కో, తొందరపడకు అన్నది. ఇరవై ఏండ్లాయె, నా పెండ్లాం చెప్పినట్టే పెడుతున్న. గిప్పుడు ఈ డబ్బా కోసం మార్చుకుంటనా?"

శాంతిప్రియ తలతిప్పి నావైపు చూసిందంతే. అంతకన్నా తిట్టినా బాగుండేది.

"తప్పు నాదే," అన్నాను. ఇంజినీరు నోట ఆ మాట అంత తేలిగ్గా రాదు. ఆమె మొదటిసారి కుర్చీ జరిపి, టీ తెప్పించింది.

మర్నాడు బుధవారం. పొద్దున్నే లాప్‌టాప్ పట్టుకుని క్యాంపులోనే దిగాను. దానంతటదే సేవ్ అయ్యే తెలివి తీసేశాను. పలక మీద వేలుండగా పేజీ కదలకుండా చేశాను. కింద పెద్ద పచ్చ బటన్ పెట్టాను, మనిషి నొక్కితేనే సేవ్. భోజన్నకు ఆరోజు మధ్యాహ్నం షిఫ్ట్, పొద్దున క్యాంపులోనే ఉన్నాడు. సంతకం పెట్టడానికి నిమిషంపైనే తీసుకున్నాడు. ప్రతి అక్షరం దగ్గరా ఆగాడు, ప్రతిసారీ మేమిద్దరం ఊపిరి బిగబట్టాం. సాయంత్రానికల్లా జెబెల్ అలీ నుంచి సెలవు మంజూరైంది.

"నిన్న యాప్‌లో తప్పేంలేదన్నదెవరండీ?" అంది శాంతిప్రియ.

"వాడు వేరే. మంచోడు కాదు."

ఆమె నవ్వింది. ఆ నవ్వుకు నా పని అక్కడితో ఖలాస్. ఆ విషయం ఒప్పుకోవడానికి నాకేం సిగ్గులేదు.

"మరి ఇప్పుడు అప్రూవల్ పెడ్తరా?"

"అప్పుడేనా? ఇంకు మరీ నల్లగా ఉందండీ. నీలం కావాలి."

నీలం చేసి తెచ్చాను. గీత సన్నమంది. లావు చేశాను. చెరిపే బటన్ ఎడమవైపుండాలంది. జరిపాను. రోజుకొక తప్పు, రోజుకొక టీ. షార్జాలో ఒకరింట్లో వంటచేసే శాంతిప్రియ వాళ్లమ్మ వీరమ్మగారు పంపిన రొయ్యల వేపుడు కూడా ఒకరోజు నా వాటాకు వచ్చింది. అక్కడున్నంతసేపూ ఎంత సంతోషంగా ఉండేదో, బస్సెక్కాక అంత దిగులుగా ఉండేది. నా పని ఈమెకు ఎప్పటికీ నచ్చదేమోననిపించేది.

నెలాఖరు గురువారం వచ్చింది. మధ్యాహ్నం మూడు దాటింది.

"సేవ్ అయ్యాక వచ్చే ఆ టింగు శబ్దం బాలేదండీ. రేపు మార్చి తీసుకురండి," అంది.

"అది మావోళ్లెవరన్నా మారుస్తరు. నాకు ఎల్లుండి ఫ్లైట్."

"ఏం, మీకూ మనవరాలి తొట్టెలా?"

"సెలవు కాదు, వాపసు. ఈ నెలల మీ అప్రూవల్ రాకపోతే హైదరాబాద్ పొమ్మన్నరు. ఇయ్యాల్నే ఆఖరు."

ఆమె చేతిలో టీ కప్పు బల్లమీద ఠప్పుమంది.

"ఈ మాట ముందే చెప్పాలి కదండీ!"

"చెప్తే పాపమని పెడ్తరు. జాలిసంతకం నాకొద్దు. ఆరొందల మంది తరఫున అన్నరు గద."

"జాలేంటండీ బాబూ! మీ యాప్ ఆ బుధవారమే బాగుపడిపోయింది!"

"మరి నీలం ఇంకు?"

"నలుపైతే ఏంటి, నీలమైతే ఏంటి!"

"చెరిపే బటన్?"

"ఎక్కడుంటే ఏంటండీ! సంతకం పెట్టేస్తే పనైపోయిందని మీరింక రారు కదా..." అనేసింది. ఏమందో తనకే వినపడి, నోటిమీద చెయ్యి పెట్టుకుంది.

నేను కుర్చీ ఆమెవైపు జరుపుకున్నాను.

"ఒక బటన్ జరుపుటానికి నేను ఈడిదాక రావాల్నా?" అన్నాను. "ఆఫీసుల కూసుంటే ఐదు నిమిషాల పని. గంట సేపు బస్సుల నిలబడి రోజూ వచ్చింది బటన్ కోసం కాదు. మీరంటే నాకు ఇష్టం, శాంతిప్రియ గారూ. మస్తు ఇష్టం."

ఆమె తలవంచుకుంది. మెడదాకా ఎర్రబడింది.

"ఆయ్," అంది చాలా చిన్నగా. వాళ్లవైపు 'ఔను' అంటే అదే. వెంటనే తలెత్తి, "టైమెంతండీ?"

"నాలుగుకు పది నిమిషాలు తక్కువ."

"అయ్యబాబోయ్! ముదీర్, అదే మా పెద్ద మేనేజరు, నాలుగింటికి వెళ్లిపోతారు, ఆయనా పెడితే ఇక తిరుగుండదు. ఆ ఫారం ఇలాగివ్వండి!"

నా చేతిలో ఫారం తెరిచి ఉన్న టాబ్లెట్ లాక్కుంది. సంతకం పెట్టింది. కింద రిమార్క్స్ గడిలో గబగబా ఏదో రాసింది, నన్ను చూడనివ్వలేదు. పచ్చ బటన్ నొక్కి, ముదీర్ ఇమామ్ హుస్సేన్ గారి గదివైపు పరుగు తీసింది. అద్దం తలుపు వెనక చేతులు తిప్పుతూ ఏదో చెప్పింది. ఆయన నావైపు ఒకసారి, ఆమెవైపు ఒకసారి చూసి, మీసాలలో నవ్వుకుని, కానివ్వండన్నట్టు "యల్లా, యల్లా," అంటూ తనూ సంతకం గీకేశాడు.

ఆమె రొప్పుతూ తిరిగి వచ్చేసరికి నా ఫోన్ మోగింది. శ్యాంప్రసాద్ గారు. స్పీకర్ నొక్కాను.

"ఏం మాయ చేశావయ్యా? అప్రూవల్ వచ్చింది. రిమార్క్స్ ఏం రాశారో విను. 'యాప్ బాగుంది. అయితే తయారుచేసిన ఇంజినీరే ప్రతి గురువారం స్వయంగా వచ్చి చూసుకోవాలి. వేరేవాళ్లు పనికిరారు.' కింద వాళ్ల ముదీర్ సంతకం కూడా ఉంది! నీ టికెట్ క్యాన్సిల్. ఇంతకీ నువ్వు వాళ్లకు ఎన్నాళ్లు కావాలట? మూడు నెలలా, ఆర్నెల్లా? అగ్రిమెంట్‌లో ఏమని రాయను?"

నేను శాంతిప్రియ వంక చూశాను.

ఆమె ఫోన్‌కు వినపడకుండా నా చెవి దగ్గరకు వంగింది.

"మా అమ్మనడిగి చెబుతామనండి," అంది.