గజ్జల్లో పిడికిలి

"చెయ్యి తియ్యకు సిస్టర్! తీస్తే మా బావ పోతడు!"

జీపు గుంతలో పడి ఎగురుతుంది. భాగ్య పిడికిలి జారుతుంది...

రక్తం!

ముఖం మీదికే చిమ్ముతుంది. ఉప్పగా, వెచ్చగా నోట్లోకి. ఉమ్మేసి, మోకాళ్ల మీద లేచి, ఒంటి బరువంతా మోపి నొక్కుతుంది.

వెనక సీటులో వెల్లకిలా భూమేశ్. చెరకు కోతలకు కూలీలను తెచ్చే మేస్త్రీ. ఎడమ తొడ మొదట్లో నోరు తెరిచిన గాయం. స్టీరింగు పట్టింది అతని బావమరిది సాయన్న. పది నిమిషాల కిందట పిట్లం దారిలో సబ్‌సెంటర్ ముందు బ్రేకేసి, నర్సు భాగ్యను ఎక్కించుకున్నాడు. అంతదాకా గాయంలో కుక్కిన తువ్వాలే నెత్తురు ఆపింది. బాన్సువాడ దవాఖాన ఇంకా పన్నెండు కిలోమీటర్లు.

ట్రైనింగులో పాటలా బట్టీ పట్టిన పాఠం... గజ్జ మడత కింద లోపల సిర, నడుమ ధమని, వెలుపల నరం. ధమని చిటికెన వేలంత. తెగితే అయిదు నిమిషాలు. మనిషి ఖాళీ!

గాయానికి పైన, మడత నడుమ, ఎముకకేసి అదమాలి. అక్కడే ఆమె పిడికిలి. దాని అంచున కొట్టుకుంటూ భూమేశ్ ప్రాణం...

టక్. టక్. టక్.

చెమట, కల్లు, నెత్తురు కలిసిన కంపు.

"ఎట్ల తెగింది?"

"చెరుకు కొడుతుంటే కత్తి జారింది," అంటాడు సాయన్న.

భాగ్య తల్లి పెంటవ్వ ఇరవై ఏళ్లు చెరకు నరికింది. చెరకును మొదట్లో, నేలకు ఆనించి నరుకుతారు. జారితే తెగేది పిక్కో, పాదమో. పెంటవ్వ కాళ్ల మీద మూడు మచ్చలు... మూడూ మోకాలికి కిందే!

తొడ లోపలికి కత్తి ఎలా వస్తుంది?

గాయం కింది నుంచి పైకి చీరింది.

నేల మీద పడ్డ మనిషి, తన మీద పడుతున్న మనిషిని పొడిచిన పోటు!

అతని చెంప మీద గోళ్ల గీతలు. మణికట్టు మీద పంటి గాట్లు. లుంగీ మడతలో పగిలిన గాజుముక్క.

ఛీ!

చేతికి అంటిన నెత్తురు పురుగులా పాకుతున్నట్టుంది.

"ఎవరా పిల్ల?"

పెదవులు పాలిపోయినా భూమేశ్ నవ్వుతాడు. "నీకెందుకే... గట్టిగ ఒత్తు."

సీటు వెనక టార్పాలిన్ కదులుతుంది!

మూలుగు. తాడుతో బిగించిన రెండు పాదాలు.

బ్రేక్!

కాలువ గట్టు. సాయన్న దిగుతాడు. చేతిలో చెరకు కత్తి.

"ఎందుకు చూసినవ్ సిస్టర్? నీ పని నువ్వు చేసుకోక!"

భాగ్య కత్తి వంక చూస్తుంది. పిడికిలి మాత్రం కదలదు.

పిడికిలి!

"ఒక్క అడుగు వెయ్యి... తీసేస్త! మీ అక్క తాళి నా చేతి కింద ఉంది!"

పట్టు రవ్వంత సడలిస్తుంది. నెత్తురు ఎగజిమ్ముతుంది.

"వద్దక్కా! వద్దు!"

"ఇప్పుడక్కనైతినా? కత్తి కాలువల ఎయ్యి. బండి తోలు. ముందుగాల ఠాణా, ఎన్క దవాఖాన. ఎంత జల్ది తోలితే మీ బావకు అంత మంచిది!"

కత్తి నీళ్లలో... బుడుంగ్!

జీపు ఉరుకుతుంది. ఎడమచెయ్యి వెనక్కి చాచి, టార్పాలిన్ కింద నోట్లో కుక్కిన గుడ్డను లాగుతుంది భాగ్య.

"పేరేంది చెల్లె?"

"రూప్లి..."

"పొడిచింది నువ్వేనా?"

"నేనే."

"మంచిగ పొడిచినవ్."

రైసుమిల్లు మలుపు. జీపు ఒరుగుతుంది. భాగ్య ముఖం ఒక్కసారిగా బిగుసుకుంటుంది.

"నాడి కొట్టుకుంటుందా అక్కా?" సాయన్న గొంతులో ఏడుపు.

"కొట్టుకుంటుంది! తోలు!"

చెరకు ట్రాక్టర్లు. ఎస్టీడీ బూత్. బస్టాండు.

"ఉన్నడా అక్కా?"

"ఉన్నడు! తోలు!"

ఠాణా!

భాగ్య అరుస్తుంది. కానిస్టేబుళ్లు ఉరికొస్తారు. సాయన్న రెక్కలు విరిచి పట్టుకుంటారు. రూప్లి కట్లు తెగుతాయి. ఒక కానిస్టేబుల్ స్టీరింగు ముందుకు దూకుతాడు.

"చెయ్యి తియ్యకు సిస్టర్! దవాఖానకు తోలుత!"

భాగ్య మెల్లగా పిడికిలి ఎత్తుతుంది.

చుక్క నెత్తురు రాదు.

"ఫికర్ చెయ్యకన్నా," అంటుంది. "వాడు రైసుమిల్లు కాడనే సచ్చిండు."

అప్పుడు... జీపులోంచి బయటికి వంగి, భళ్లున కక్కుకుంటుంది.