ఆపరేషన్ జొన్న రొట్టె

"ఇంద్రసేనా, గురువారం మధ్యాహ్నం పన్నెండింటికి జహీరాబాద్‌లో ఒక హత్య జరగబోతోంది," అన్నాడు చీఫ్.

"ఎవరిది సార్?"

"ఒక హోటల్‌ది."

ఏజెంట్ 27 ఇంద్రసేన సిగరెట్ ఆర్పేశాడు. చీఫ్ గోడ మీది ఆసియా మ్యాప్ దగ్గరికి నడిచాడు. హాంకాంగ్‌లో కింగ్ క్రస్ట్, మనీలాలో హ్యాపీ బన్. సింగపూర్ నుంచి కొలంబో దాకా కస్టమర్ల కోసం కొట్టుకు చస్తున్న ఈ రెండు ఫాస్ట్‌ఫుడ్ కంపెనీలూ ఇండియా విషయంలో మాత్రం చేతులు కలిపాయి. బొంబాయి రోడ్డు పక్కనున్న ప్రభుత్వ స్థలాల్లో ఎవరు తిండి అమ్మాలో తేల్చడానికి ఢిల్లీ నుంచి కమిటీ వస్తోంది. ఇరవై రెండేళ్లుగా అలాంటి ఒక స్థలంలో రొట్టెలు అమ్ముకుని బతుకుతున్న గిరిజమ్మ హోటల్లోనే కమిటీ భోజనం. తిండి బాగుంటే స్థలాలు ఊరివాళ్లకు. కమిటీ వాంతులు చేసుకుంటే కంపెనీలకు.

"మన మోనా ఆల్రెడీ లోపలుంది. కోడ్‌వర్డ్ కోహీర్ జామ. ఇదిగో డిటెక్టర్ పెన్. విషం తగిలితే ఎర్ర లైటు."

గురువారం పొద్దున లారీ క్లీనర్ వేషంలో ఇంద్రసేన హోటల్లో దిగాడు. దొంగచాటుగా వంకాయ కూరలో పెన్ను ముంచాడు. ఎర్ర లైటు. వెల్లుల్లి కారంలో ముంచాడు. మళ్లీ ఎర్ర లైటు. చివరికి మంచినీళ్ల కుండలో ముంచినా అదే ఎరుపు. ఏ దేశంవాడు చేశాడో గానీ, ఆ పెన్ను మన కారం ముందు మతి పోగొట్టుకుంది.

పొయ్యి దగ్గర ఇల్కల్ చీర కట్టి, తల మీద కొంగు కప్పుకుని, పక్కనున్న న్యాల్‌కల్ ఊరి బస్వమ్మ పేరుతో మోనా కూర్చుంది. బొంబాయి క్యాబరేల్లో ఏడుగురు స్మగ్లర్లను బుట్టలో వేసుకున్న మనిషి!

"కోహీర్ జామలు తెచ్చినవా?" అంది.

"ఈ యేడు పురుగు పట్టింది."

"ఆల్ క్లియర్," అని కన్ను గీటింది. ఇంద్రసేన నమ్మాడు. ఆ కళ్లతో ఏం చెప్పినా నమ్మేవాడే.

పదకొండూ యాభై అయిదు. జీపులు ఆగాయి. లారీ డ్రైవర్లతో కిక్కిరిసిన హోటల్లో కమిటీ బల్లల ముందు కూర్చుంది. వేడి రొట్టెలు వచ్చాయి. చైర్మన్ ఒక ముక్క తుంచాడు.

అప్పుడే గిరిజమ్మ పొయ్యివైపు చూసింది.

"ఏం జేస్తున్నవే బస్వమ్మా?"

"నూనె రాస్తున్నా అమ్మా. మెత్తగుంటయి."

"జొన్న రొట్టె మీద నీళ్లు అద్దుతం గని నూనె రాస్తమా? ఏ ఊరే నీది? న్యాల్‌కల్‌ల పుట్టినోళ్లు గిట్ల జెయ్యరు!"

గిరిజమ్మ ఒక్క అంగలో వెళ్లి చైర్మన్ నోటి దగ్గరి ముక్కను లాగేసింది.

"తినకున్రి సార్! ఇవి మా రొట్టెలు గావు!"

నూనె గిన్నె పొయ్యిలోకి విసిరింది. పచ్చటి పొగ లేచింది. మోనా వెనక గోడ దూకబోయింది. ఇంద్రసేన ఆమె చెయ్యి పట్టుకున్నాడు. ఆమె నడుము దగ్గరి చీర మడతల్లోంచి రెండు గుర్తింపు కార్డులు కింద పడ్డాయి: ఒకటి కింగ్ క్రస్ట్‌ది, ఒకటి హ్యాపీ బన్‌ది.

గిరిజమ్మ కొత్త పిండి తడిపింది. కమిటీ తలా మూడు రొట్టెలు తిన్నది. చైర్మన్ వేళ్లు నాకి, అక్కడే ఫైలు తెరిచి సంతకం పెట్టాడు.

"వండర్‌ఫుల్! ఇక్కడ ఇంత క్రౌడ్ ఉంటుందని మాకు తెలియదు. ఇంత మంచి పాయింట్‌ను రేకుల షెడ్డుకు వదిలితే ఎలా? రెండు కంపెనీలకూ చెరి సగం ఇచ్చాం. అమ్మా, మీకు అందులో టేబుళ్లు తుడిచే పని రికమెండ్ చేస్తాను."

జీపులు వెళ్లిపోయాయి. గిరిజమ్మ పిండి చేతులతో అలాగే నిలబడింది.

"కడుపునిండ పెట్టినందుకా గిది? ఇప్పుడు నేను యాడికి పోవాలె బిడ్డా?"

ఇంద్రసేనకు సిగ్గేసింది.

సాయంత్రం వైర్‌లెస్‌లో రిపోర్టు ఇచ్చాడు. "కమిటీ సేఫ్. మోనా అరెస్ట్. మిషన్ సక్సెస్."

"వెరీ గుడ్! నువ్వూ తిన్నావా? ఎలా ఉంది?"

"చాలా బాగుంది సార్. మీరు తినాలనుకుంటే ఈ వారంలోనే రండి."