వంగిన మూడు పిన్నులు

"మీరు ముట్టుకోకముందు బాగానే ఉంది కదా, భయ్యా?"

ప్రమోద ఆ మాట కోపంగా అనుంటే బాగుండేది. మెల్లగా అంది. అందుకే ఎక్కువ తగిలింది.

నా పేరు కెల్విన్. బతు బస్తీలో కంప్యూటర్లు బాగుచేసే షాపులో పని చేస్తాను. ఆ బుధవారం ఫెర్రీ ఎక్కి అవతలి ఒడ్డున బాంబూఫ్లాట్‌లోని ప్రమోద వాళ్లింటికి వెళ్లింది, కంప్యూటర్‌లో ఒక్క ఫ్యాను మార్చడానికి. ఉప్పు గాలికి పాతది తుప్పుపట్టి గరగరమంటోందని ఫోన్ చేసింది. అరగంట పని అన్నాను.

వెళ్లాక తెలిసింది, ఆ మెషీన్ తనే విడిభాగాలు బిగించి తయారుచేసుకుందని. ఏడాది పాటు పిల్లలకి ట్యూషన్లు చెప్పి, ఒక్కో పార్టూ చెన్నై నుంచి షిప్పులో తెప్పించుకుందట. లోపల వైర్లు జడ అల్లినట్టు పద్ధతిగా కట్టి ఉన్నాయి. మా షాపులో ఎవరమూ అలా కట్టం.

"ఎవరు నేర్పారు?" అన్నాను.

"వీడియోలు చూశాను. రెండుసార్లు తప్పు బిగించాను. మూడోసారి ఆన్ అయింది."

పాత ఫ్యాను పట్టుకుని లాగాను. వేడి లాగడానికి దాని కింద రాసిన పేస్ట్ ఎండిపోయి అంటుకున్నట్టుంది, ఫ్యానుతో పాటు ప్రాసెసర్ కూడా ఊడి వచ్చింది. విడదీసి, తుడిచి, దాని చోట పెట్టి, కొత్త ఫ్యాను బిగించాను. బటన్ నొక్కాను. ఫ్యాను తిరిగింది, లైట్లు వెలిగాయి, స్క్రీన్ మాత్రం నల్లగానే ఉండిపోయింది.

ర్యామ్ తీసి రబ్బరుతో రుద్ది పెట్టాను. కేబుల్ మార్చాను. బోర్డు మీది చిన్న బ్యాటరీ తీసి మళ్లీ పెట్టాను. గంటన్నర గడిచింది. అదే నలుపు. ప్రమోద ఆ మాట అంది అప్పుడే.

"సచ్ చెప్పండి. నిజంగా ఇది బాగవుతుందా?"

"బోర్డు పోయినట్టుంది," అన్నాను. "ఇక్కడి గాలికి బోర్డులు ఆగవు. కొత్తది రావాలంటే రెండు వారాలు."

"నాకు శనివారానికి కావాలి."

వరండాలో వల బాగుచేసుకుంటున్న వాళ్ల నాన్న అప్పలరాముడు తలెత్తాడు. ఒక కన్ను సరిగా కనపడక రెండేళ్ల నుంచి బోటెక్కడం మానేశాడాయన. సముద్రంలో ఏ రాయి ఎక్కడుందో, ఎక్కడ ఎన్ని బారల లోతో అంతా ఆయన తలలోనే ఉంది. ఆయన చెబుతుంటే ప్రమోద ఈ కంప్యూటర్‌లో మ్యాపు గీస్తోంది. సముద్రం మ్యాపులు తయారుచేసే కొచ్చి కంపెనీ ఒకటి, ఇంటి నుంచి చేసే ఉద్యోగానికి మనుషుల్ని తీసుకుంటోందట. ఎవరికి వాళ్లు సొంతంగా గీసిన మ్యాపు పంపాలి. శనివారం ఆఖరి రోజు.

"డేటాకి ఏమీ కాదు. డిస్క్ వేరే కదా," అన్నాను.

"అది తెలుసు. ఆ సాఫ్ట్‌వేర్ నడిచే మెషీన్ ఈ ఒడ్డున ఇంకెవరి దగ్గరుంది?"

"పోన్లే అమ్మా," అన్నాడు అప్పలరాముడు. "గాలికి పోతే ఆ బాబు మాత్రం ఏటి సేత్తాడు?"

ఆ మాట నాతోపాటే ఫెర్రీ ఎక్కింది.

ఫ్యాను లాగే ముందు మెషీన్ కాసేపు నడిపి పేస్ట్‌ని వేడెక్కనివ్వాలి. తర్వాత ఆపేసి, ఫ్యానుని అటూ ఇటూ తిప్పి వదులు చేయాలి. షాపులో కొత్తవాళ్లకి ఆ పాఠం చెప్పేదే నేను. ఆ అమ్మాయి పక్కన నిలబడి చూస్తుంటే గొప్పకి పోయి గబగబా లాగేశాను. ప్రాసెసర్ తిరిగి పెట్టేటప్పుడు కాస్త నొక్కాల్సి వచ్చింది. నొక్కకూడదు, అది దానంతటదే కూర్చోవాలి. అనుమానం అప్పుడే వచ్చింది. వచ్చినా, నెపం గాలి మీదకి నెట్టేశాను.

మా ఒడ్డున చాథం జెట్టీలో దిగి, టికెట్ కొనుక్కుని, అదే ఫెర్రీలో వెనక్కి బయల్దేరాను. సగం దూరంలో వాన అందుకుంది.

తడిసి ముద్దయి గుమ్మంలో నిలబడితే ప్రమోద నన్ను చూసి, నా బ్యాగు చూసి, "ఏదైనా మర్చిపోయారా?" అంది.

"ఒకటి దాచాను. బోర్డు పోయిందని నాకు ఖాయంగా తెలీదు. ప్రాసెసర్ నా చేతిలో దెబ్బతిందేమో. తీసి చూడాలి."

తను లోపలికెళ్లి తువ్వాలు తెచ్చి నా చేతికిచ్చింది.

"ముందు చేతులు ఆరబెట్టుకోండి. తడి చేతుల్తో మళ్లీ ముట్టుకోకండి."

ఈసారి నెమ్మదిగా విప్పాను. ప్రాసెసర్ తిరగేసి ఫోన్ లైటు వేస్తే కనిపించింది. దువ్వెన పళ్లకంటే సన్నగా, వందల కొద్దీ పిన్నులు. ఒక మూల మూడు పక్కకి ఒరిగిపోయి ఉన్నాయి.

"ఇది నేను చేసిందే," అన్నాను. "నిలబెట్టొచ్చు. కానీ ఒక్కటి విరిగినా కొత్త ప్రాసెసర్ కొనాలి. విరిగితే నేను కొనిస్తాను."

"కొనేది తర్వాత. జరగండి, ఈసారి నేను చేస్తాను." తను టేబుల్ మీంచి గీతలు గీసే క్లచ్ పెన్సిల్ తీసి, లోపలి ములుకు రాల్చేసింది. "ఈ మొన గొట్టం ఆ పిన్నుకి తొడగడానికి సరిపోతుందా?"

సరిపోయింది. నేను చెబుదామనుకున్న ఉపాయం అదే. నాకంటే ముందు తనకి తట్టింది.

తను కూర్చుంది, నేను లైటు పట్టుకున్నాను. మా రెండు తలల మధ్య జానెడు దూరం. రేకుల మీద వాన చప్పుడు. మొదటి పిన్ను లేచింది.

"లైటు పిన్నుల మీద వేయండి. నా ముఖం మీద కాదు."

"సారీ."

రెండోదీ లేచింది. మూడోది బాగా వంగిపోయింది. తను ఊపిరి బిగబట్టింది, నేనూ బిగబట్టాను. వెనక నుంచి అప్పలరాముడు, "నిదానం తల్లీ," అన్నాడు. వెంట్రుకవాసి జరిపి, ఆగి, మళ్లీ జరిపింది. నిలబడింది.

ఈసారి ప్రాసెసర్ నొక్కకుండానే కూర్చుంది. కొత్త పేస్ట్ రాసి, ఫ్యాను బిగించి, "మీరే నొక్కండి," అన్నాను.

పది సెకన్లు నలుపు. ఆ పది సెకన్లూ ప్రమోద నా చొక్కా చెయ్యి పట్టుకుని ఉంది. ఆ సంగతి తనకి తెలీదు. అప్పుడు స్క్రీన్ వెలిగింది. తను అరవలేదు, గెంతలేదు. నేల మీద కూలబడి రెండు చేతులతో ముఖం కప్పుకుంది.

కాసేపయ్యాక, "మీరు తిరిగి రాకపోతే నాకేమీ తెలిసేది కాదు," అంది.

"నాకు తెలిసేది కదా."

శనివారం సాయంత్రం మెసేజ్ వచ్చింది. "పంపేశాను, కెల్విన్." చివర భయ్యా లేదు. ఆ రెండు ముక్కలూ ఎన్నిసార్లు చదివానో చెప్పను.

ఆ తర్వాత ప్రతి ఆదివారం చర్చి అయ్యాక బాంబూఫ్లాట్ వెళ్లి ఫ్యాను చప్పుడు చేస్తోందేమో చూసి వచ్చేవాణ్ణి. చప్పుడు చేసేది కాదు. అయినా ప్రమోద టీ పెట్టేది. మూడో ఆదివారానికి ఉద్యోగం వచ్చిందని చెప్పింది. నాలుగో ఆదివారం నేను మూత విప్పబోతుంటే, అప్పలరాముడు వల పక్కనపెట్టాడు.

"బాబూ, దాన్ని ఒగ్గీ. దానికేటీ అవ్వలేదని నాకూ తెలుసు. నువ్వు దేనికొస్తన్నావో అది సెప్పు."

స్క్రూడ్రైవర్ కింద పెట్టాను. "ప్రమోద కోసం వస్తున్నాను అంకుల్."

"నాకు చెప్పకుండా నాన్నకి చెప్తారేంటి?" అంది వంటింటి గుమ్మంలోంచి ప్రమోద.

"మీది సర్చి, మాది గుడి," అన్నాడు అప్పలరాముడు. "మీ అమ్మ ఏటంటాది?"

"గురువారమే చెప్పాను. రెండు రోజులు మాట్లాడలేదు. నిన్న రాత్రి అన్నం పెడుతూ, ఆ పిల్లని ఎప్పుడు చూపిస్తావని అడిగింది."

ఆయన వల మళ్లీ ఒళ్లోకి తీసుకున్నాడు. "అయితే ఆవిణ్ణి తీసుకురా. పెద్దోళ్లం మేం మాటాడుకుంటాం. నా కూతురికి ఇష్టమైతేనే."

ప్రమోద నాతో జెట్టీ దాకా వచ్చింది. ఫెర్రీ ఒడ్డుకి తగిలి, జనం దిగుతున్నప్పుడు అడిగాను.

"మీకు ఇష్టమేనా?"

తను నీళ్ల వైపు చూస్తూ నవ్వింది.

"వచ్చే ఆదివారం చర్చి కాగానే అమ్మని తీసుకుని రా. మధ్యాహ్నం భోజనం మా ఇంట్లోనే. నువ్వు ఏం తింటావో ఫోన్ చేసి చెప్పు."