దొంగ కబురు

ముద్దుకృష్ణ మదనపల్లె టమాటా మార్కెట్‌లో పట్టపగలు, వందమంది చూస్తుండగా హత్యకు గురయ్యాడు. హంతకుణ్ణి మాత్రం ఒక్కరూ చూడలేదు.

చెమటలు పట్టాయి. మాట ముద్దయింది. ఖాళీ క్రేట్ల మీదికి ఒరిగిపోయాడు. "పొద్దున్నే ఏసుకోని వచ్చినట్లుండాడు" అని పక్కన ఎవరో నవ్వారు కూడా. ఆస్పత్రికి చేర్చేసరికి రక్తంలో చక్కెర పద్దెనిమిది. డెబ్బై కంటే తగ్గితేనే మనిషికి ప్రమాదం. 'షుగర్ డౌన్' అని రాసి చేతులు దులుపుకున్నారు. అతనికి అసలు షుగర్ జబ్బే లేదన్న సంగతి ఎవరూ పట్టించుకోలేదు.

సోమవారం పుంగనూరు సంతలో ఏజెంట్ అంబిక ఒక పొట్టి ఆవు ముందు ఆగింది.

"ఎన్ని లీటర్లు ఇస్తాదప్పా?"

"పాలకు కాదమ్మా, ముచ్చటకు."

కోడ్ సరిపోయింది. తలపాగా చుట్టుకుని పశువుల బ్రోకర్ వేషంలో ఉన్నవాడు ఆమె చీఫ్ ఉమాశంకర్. వేషం బాగానే కుదిరింది గానీ, కాళ్లకు పాలిష్ బూట్లు అలాగే ఉన్నాయి. అంబిక చూసీ చూడనట్టు ఊరుకుంది.

"ముద్దుకృష్ణ మనవాడు" అన్నాడు ఉమాశంకర్, ఆవు మూపురం నిమురుతూ. "డాక్టర్ వసుధ ల్యాబ్‌లో టెక్నీషియన్‌గా పెట్టాం. చనిపోయే ముందు రోజు పెన్‌డ్రైవ్ పంపాడు. వాళ్లు చేసిన మందు పేరు కొరియర్."

"అది చేసే పని?"

"పాంక్రియాస్‌లో బీటా సెల్స్ ఉంటాయి. ఇన్సులిన్ తయారుచేసేవి. మనం తింటే రక్తంలో చక్కెర పెరుగుతుంది. అప్పుడు ఆ సెల్ గోడలో తలుపులు తెరుచుకుని కాల్షియం లోపలికి దూరుతుంది. కాల్షియమే కబురు. కబురు అందాకే సెల్ ఇన్సులిన్ వదులుతుంది, చక్కెర దిగుతుంది."

"తినకపోతే?"

"తలుపు మూసి ఉంటుంది. కానీ కొరియర్ మింగితే, తిన్నా తినకపోయినా తలుపు బార్లా తెరిచే ఉంటుంది. దొంగ కబురు. చక్కెర పడిపోతే లివర్‌ను లేపి చక్కెర వదిలించే ఆల్ఫా సెల్స్ పక్కనే ఉంటాయి, ఈ మందు వాటి నోరు కూడా నొక్కేస్తుంది. అయిదు గంటల తర్వాత ఒంట్లో ఆనవాలు కూడా మిగలదు."

"మరి కడుపు నిండా తిన్నవాడికి?"

"ఏమీ కాదు. అందుకే వాళ్లు శనివారం ఎంచుకున్నారు."

అంబికది వాల్మీకిపురం. ఆ వైపు పాటించే తమిళ నెల పెరటాసి శనివారాల గురించి ఆమెకు ఒకరు చెప్పక్కర్లేదు. ఇంటిల్లిపాదీ వెంకటేశ్వరస్వామికి ఒక్కపొద్దు ఉంటారు. మధ్యాహ్నం ఆకులో అన్నం రాశిపోసి, నామం దిద్ది, నైవేద్యంగా తళిగ వేసి గోవింద చెప్పేదాకా మంచినీళ్లు తప్ప ముట్టరు. ముద్దుకృష్ణ కూడా శనివారమే పోయాడు.

"వచ్చే శనివారం కుప్పం పక్క పల్లెలో వసుధ షుగర్ క్యాంపు" అన్నాడు ఉమాశంకర్. "నూట నలభై మంది. అందరి చేతులకూ చక్కెర చూపే సెన్సర్లు అతికించారు. విదేశీ ముఠా మనిషి ఒకడు కుప్పం లాడ్జిలో కూర్చుని, వాళ్లు చావడం ల్యాప్‌టాప్‌లో చూస్తాడు. నచ్చితే కొంటాడు. వాణ్ణి ల్యాప్‌టాప్‌తో సహా పట్టుకోవాలి."

"క్యాంపు ఆపేస్తే పోదా సార్?"

"వాడు మాయమవుతాడు. మందు ఇంకో ఊళ్లో తేలుతుంది. ఎవరికీ ఒక్క మాట పొక్కకూడదు. ఢిల్లీ ఆర్డర్. అంబులెన్సులు పెడతాం."

"ఎన్ని?"

"నాలుగు."

ఎద్దు పుండు కాకికి నొప్పా? అంబిక ఆవును అటూ ఇటూ తిప్పి చూసి, బేరం కుదరనట్టు వెనక్కి తిరిగింది. ఉమాశంకర్ వెనకనుంచి గొంతు తగ్గించి అన్నాడు. "వసుధ మనకూ కబుర్లు పంపుతోంది, ఆ ముఠాకూ పంపుతోంది. ముద్దుకృష్ణను పట్టిచ్చింది ఆమే. ఆమె నాకు ప్రాణాలతో కావాలి."

క్యాంపు నర్సుగా అంబిక ఆ పల్లెలో దిగింది. భజన గుంపు పెద్ద నారాయణస్వామి ఇంట్లో బస. అరవై ఎనిమిదేళ్ల మనిషి, పెళ్లాం పోయింది, పన్నెండేళ్లుగా షుగరు. నాలుగు రోజులూ తాను తినే సంగటిలో సగం ఆమెకే పెట్టాడు. వసుధ రోజూ కారులో వచ్చేది. తెల్లకోటు కింద మదనపల్లె పట్టుచీర, నల్లకళ్లద్దాలు. ఆమె చెయ్యి పట్టుకుంటే చాలు, ముసలాళ్ల బీపీ పది పాయింట్లు పెరిగేది.

మాత్రలు మార్చడానికి అంబిక చేయని ప్రయత్నం లేదు. పెట్టె తాళంచెవి వసుధ మెడలోనే ఉంది. శనివారం ఆరింటికి వాలంటీర్లు ఇంటింటికీ వచ్చి దగ్గరుండి మింగిస్తారు. మిగిలిన దారి ఒక్కటే. ఆరు కొట్టకముందే నూట నలభై కడుపులూ నిండాలి.

శుక్రవారం సాయంత్రం నారాయణస్వామి తిన్నె మీద భజన తాళాలు తుడుచుకుంటున్నాడు.

"అప్పా, రేపు తళిగ తెల్లారుజాము నాలుగున్నరకే ఏసేద్దామా? ఊరందరికీ నువ్వు చెప్పల్ల."

"యాలమ్మా? తెల్లారకనే తళిగ యాడన్నా ఉండాదా?"

"మా అమ్మకు బాగలేదప్పా. మొక్కుకున్నాను."

అమ్మ పోయి పదకొండేళ్లు. వృత్తిలో ఇంతకంటే పెద్ద అబద్ధాలే ఆడింది గానీ, ఇది చెప్పేటప్పుడు ఆయన వైపు చూడలేకపోయింది. నారాయణస్వామి ఆమె ముఖంలోకి చూశాడు.

"అబద్దం చెప్తాండావు."

అంబిక రెండో తాళం అందుకుని తుడవసాగింది.

"ఊరికి మంచేనా?"

"మంచే అప్పా. అంతకుమించి అడగొద్దు."

"అయితే దేవుడు కలలో చెప్పినాడని మైకులో చెప్తాలే. నా మాటంటే వింటారు. ఆ పాపం నాది, నేను సూసుకుంటా."

ఆ పాపాన్ని ఎలా చూసుకుంటాడో అంబిక అడగలేదు. అక్కడే పొరపాటు చేసింది.

నాలుగున్నరకు ఊరంతా పందిట్లో ఉంది. గోవిందలు మోగాయి. బెల్లం పొంగలి, వడలు, అన్నం, పప్పు. అంబిక విస్తళ్ల మధ్య తిరుగుతూ ఒక్కొక్కరినీ లెక్కపెట్టింది, వద్దన్నవాళ్లకు బతిమాలి మరీ వడ్డించింది. నారాయణస్వామి పొంగలి గుండిగ పట్టుకుని ఆమె పక్కనే నడిచాడు. వడ్డించేవాడు తినడం లేదని ఆమెకు తట్టలేదు. ఆరింటికి వాలంటీర్లు వచ్చి అందరిచేతా మాత్ర మింగించారు.

తొమ్మిదిన్నరకు కుప్పం స్టేషన్ ఎదురుగా లాడ్జి గది. కొనడానికి వచ్చిన తెల్లవాడు ల్యాప్‌టాప్ ముందు కాళ్లు చాపుకుని కూర్చున్నాడు. వసుధ వివరిస్తోంది. అంబిక ఫైళ్లు పట్టుకుని గోడవారగా నిలబడింది. తెర మీద గీతలు దాదాపు అన్నీ నూట ఇరవై దగ్గర తాపీగా సాగుతున్నాయి. ఎనిమిదింటికే శవాలు లేవాల్సింది.

"ఇది ఆయుధమా, మిఠాయా?" అన్నాడు వాడు ఇంగ్లిష్‌లో. ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని విసురుగా లేచాడు. మెట్ల దగ్గర ఉమాశంకర్ మనుషులు వాడికోసం కాచుకుని ఉన్నారు. కింద పెనుగులాట చప్పుడు వినిపించి, ఆగిపోయింది.

అంబిక పిస్టల్ తీసింది. ఎడమచేతిలో షుగర్ మీటర్. డిపార్ట్‌మెంట్ వాళ్లు దాంట్లో రిసీవర్ అమర్చారు, అన్ని సెన్సర్లూ అందులో పలుకుతాయి. నూట ముప్పై తొమ్మిది అంకెలు నిలకడగా ఉన్నాయి. ఒక్కటి దిగుతోంది. అరవై ఒకటో నంబరు. నలభై ఎనిమిది. నలభై మూడు.

అరవై ఒకటి నారాయణస్వామిది. పాత షుగరు మనిషి కాబట్టి ఇంతసేపు నిలిచాడు. పాపం తాను చూసుకుంటానన్నది ఇదన్నమాట. దేవుడి పేరు మీద అబద్ధమాడినందుకు ఒక్కడే ఉపవాసం కూర్చున్నాడు, మాత్ర మింగి మరీ.

"ఒకడు మిగిలాడే" అంది వసుధ, మీటర్ వైపు చూసి. "గ్లూకోజ్ ఎక్కిస్తే ఎక్కుతుంది, మళ్లీ పడిపోతుంది. తలుపు మూయాలి." హ్యాండ్‌బ్యాగ్‌లోంచి చిన్న ఇంజెక్షన్ సీసా తీసింది. "కాల్షియం తలుపు మూసేది ఇదొక్కటే. నా మందును నేను నమ్మను, అందుకే దగ్గర పెట్టుకుంటాను. పది ఇరవైకి నా రైలు. నువ్వు నన్ను చూడలేదు."

"నిన్ను ఇక్కడే కాల్చి తీసుకుంటాను."

"సీసా కింద పడితే గాజు, అంబికా."

ముద్దుకృష్ణను అమ్మిన మనిషి, నూట నలభై మందిని బేరానికి పెట్టిన మనిషి, మూడడుగుల దూరంలో నవ్వుతోంది. కాల్చి పారెయ్యాలని అంబిక వేలు తహతహలాడింది. మీటర్ ముప్పై ఎనిమిది చూపించింది. పిస్టల్ దించి చెయ్యి చాపింది.

వెనక మెట్ల మీంచి వసుధ దిగిపోయింది. అంబిక అంబులెన్సుకు ఫోన్ కొడుతూనే మోటార్ సైకిల్ ఎక్కింది. ఆరు కిలోమీటర్లు. ముప్పై మూడు. మధ్యలో గొర్రెల మంద అడ్డం వచ్చింది. ఆపకుండా హారన్ కొడుతూ, కాపరి తిట్లు తింటూ దూసుకుపోయింది. ఇరవై ఏడు.

నారాయణస్వామి దేవుడి పటాల ముందు గోడకు ఆనుకుని ఉన్నాడు. పళ్లు గిట్టకరుచుకున్నాయి. చొక్కా చెమటకు తడిసి ఒంటికి అతుక్కుంది. పిలిస్తే పలకలేదు. అంబిక సిరంజి నింపి నరంలోకి ఎక్కించింది. ఇరవై ఒకటి. అంబులెన్సు వాళ్లు గ్లూకోజ్ పెట్టారు. పంతొమ్మిది. అంకె అక్కడ ఆగింది. తర్వాత ఇరవై నాలుగు. తర్వాత నలభై.

మూడో రోజు కుప్పం ఆస్పత్రి వరండాలో ఉమాశంకర్ దొరికాడు. ఈసారి బూట్లకు తగిన సూటు.

"వసుధ ఎలా తప్పించుకుంది?"

"చూడలేదు సార్."

"లాడ్జికి రెండే దారులు."

"చూడలేదు సార్."

ఆయన మూడోసారీ అడిగాడు. ఆమె మూడోసారీ అదే చెప్పింది. ఇంకెంత అడిగినా అదే చెప్పేది.

లోపల నారాయణస్వామి కళ్లు తెరిచే ఉన్నాడు. కుడి చెయ్యి లేవడం లేదు. నలభై ఏళ్లుగా పాడిన పాటల్లో ఒక్కటీ గుర్తుకు రావడం లేదని డాక్టర్లు చెప్పారు, ఇక రాకపోవచ్చని కూడా. అంబిక మంచం పక్కన కూర్చుని ఆ చెయ్యి తన ఒళ్లోకి తీసుకుంది. ఏడుపు ఆపుకోవడం ఆమె వల్ల కాలేదు. ఆయన చూపు పైన వేలాడే గ్లూకోజ్ సీసా మీద ఉంది.

"అది చక్కెర నీళ్లే గదా?"

"అవునప్పా."

"సూదిలో పోసినా తిండే గదమ్మా. శనివారం పొద్దు మునగకనే నా ఒక్కపొద్దు చెరిచినారు." ముసలాయనకు నిజంగానే కోపం వచ్చింది. "ఎవురు చేసిన పని ఇది?"

అంబిక ఈసారి ఒక్క క్షణం కూడా తటపటాయించలేదు.

"నేనే అప్పా."